ఇంకో బోరు వేసే ముందు సంపు గోడ మీద గీత గీయండి

మీ ప్రశ్న మొత్తం చదివానండి. హైదరాబాద్‌లో మణికొండ వైపు 120 ఫ్లాట్లు, నాలుగు బోర్లలో మూడు మార్చికే చేతులెత్తేశాయి, రోజుకి ఎనిమిదో పదో ట్యాంకర్లు దిగుతున్నాయి, కమిటీ వాళ్ళు 1500 అడుగుల బోరు ఇంకోటి వేద్దాం అంటున్నారు, మీరేమో ఇంకుడు గుంతలు తవ్విస్తే సరిపోదా అంటున్నారు. చివర్లో అసలు ప్రశ్న అడిగారు: కృష్ణా వచ్చింది, గోదావరి వచ్చింది, అయినా మాకు ట్యాంకరే గతేంటి, ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి అని. నేను నీటి సరఫరా ఇంజనీరింగులోనే ఉద్యోగం చేసి బయటికొచ్చినవాణ్ణి, ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వాళ్ళు పిలిస్తే వెళ్ళి చూసి చెప్తుంటాను, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు చిన్న సమాధానం. బోరు వద్దు. ఇంకుడు గుంతలు మంచివే, తవ్వించండి, కానీ అవి మీ ట్యాంకర్లని ఆపవు. మీ దగ్గర లేనిది నీళ్ళకంటే ముందు లెక్క. రోజుకి ఎన్ని నీళ్ళు లోపలికి వస్తున్నాయి, ఎన్ని వాడుతున్నారు, ఎన్ని ఎవరూ వాడకుండానే పోతున్నాయి, మీ పోస్టులో ఈ మూడింటిలో ఒక్క అంకె కూడా లేదు, ట్యాంకర్ బిల్లు మాత్రం రూపాయితో సహా ఉంది.

ఒకసారి కూర్చుని లెక్కేద్దాం. మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది ఊళ్ళకి డిజైన్ చేసేటప్పుడు కేంద్రం వాళ్ళ మాన్యువల్‌లో పెట్టుకునే అంకె, పెద్ద సిటీలకి 150 దాకా వేస్తారు. ఫ్లాటుకి నలుగురు అనుకుంటే 120 ఫ్లాట్లకి 480 మంది, 135 చొప్పున రోజుకి సుమారు 65 వేల లీటర్లు. మీకు ట్యాంకర్లే 40 నుంచి 50 వేలు దిగుతున్నాయి, అవి ఐదు వేల లీటర్ల బండ్లే అనుకుంటే. దాని మీద ఒక బోరు ఇంకా పోస్తోంది, రోజు విడిచి రోజు నల్లా వస్తోంది అన్నారు. ఇవన్నీ కలిపితే 65 వేలు ఎప్పుడో దాటిపోయి ఉంటారు. అంటే నీళ్ళు తక్కువై కాదు ఇబ్బంది, కనీసం ఒక భాగం ఎక్కడో కారిపోతోంది, లేదా కొన్ని ఇళ్ళల్లో విపరీతంగా వాడుతున్నారు. ఏది నిజమో తెలియకుండా ఇంకో బోరుకి లక్షలు పోస్తే ఆ నీళ్ళు కూడా అదే దారిన పోతాయి.

ఇంకో విషయం, చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. 2021 జనవరిలో హైదరాబాద్ కార్పొరేషన్ పరిధిలో మొదలైన నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీళ్ళ పథకం ఉంది కదా, అపార్ట్‌మెంట్లకి ఫ్లాటుకి ఇంత అని లెక్క. అది మీ ఏరియాకి వర్తిస్తే 120 ఫ్లాట్లకి నెలకి 24 లక్షల లీటర్లు. మీ 65 వేల చొప్పున నెల మొత్తానికి 20 లక్షలు చాలు. మరి ఉచితంగా 24 లక్షలు వచ్చేటప్పుడు ట్యాంకరెందుకు? ఎందుకంటే అది బిల్లు మాఫీ మాత్రమే, అన్ని నీళ్ళు మీ సంపులో పోస్తామని ఎవరూ మాటివ్వలేదు. దానిక్కూడా పనిచేసే మీటర్ ఉండాలి, ఆధార్ లింక్ అవ్వాలి. మీ నల్లా మీటర్ తిరుగుతోందా ఆగిపోయిందా ముందు అది చూడండి. చాలా చోట్ల అద్దం లోపల ఆవిరి పట్టి అంకెలే కనపడవు, ఎవరూ పట్టించుకోరు.

ఇక మీ అసలు ప్రశ్న, నీళ్ళెక్కడికి పోతున్నాయి అని. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాలు కట్టారు, మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి గొప్పతనం ఏంటంటే ఆ నీళ్ళు మోటారు లేకుండా వాలుకే పారుతూ ఆసిఫ్‌నగర్, మీరాలం ఫిల్టర్లకి వచ్చేవి, కరెంటు ఖర్చు దాదాపు సున్నా. ఊరు పెరిగింది, అవి చాల్లేదు, 1965లో మంజీరా వచ్చింది, తర్వాత సింగూరు, తొంభైల్లో అవీ చాల్లేదు. 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది, ఒక్కోటి 90 ఎంజీడీ, అంటే రోజుకి 90 మిలియన్ గ్యాలన్లు. 2015 చివర్లోనే గోదావరి, ఎల్లంపల్లి నుంచి 172 ఎంజీడీ. సరిగ్గా టైముకి వచ్చింది గోదావరి, ఆ మరుసటి వేసవికి సింగూరు, మంజీరా, జంట జలాశయాలు అన్నీ అడుగంటాయి, ఆ ఒక్క పైపు లేకపోతే 2016 వేసవిలో హైదరాబాద్ కథ వేరేలా ఉండేది.

ఒక ఎంజీడీ అంటే రోజుకి పది లక్షల గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 45 లక్షల లీటర్లు. కృష్ణా మూడు దశలూ కలిపి 270, గోదావరి 172, మొత్తం 442 ఎంజీడీ, అంటే రోజుకి 200 కోట్ల లీటర్లు. ఇది పైపుల కెపాసిటీ, రోజూ అంతా వస్తుందని కాదు, దారిలో ఊళ్ళకి కూడా కొంత ఇస్తారు. అయినా కోటి మందికి పంచితే తలా 200 లీటర్లు, మంజీరాని కలపకుండానే. కాగితం మీద చూస్తే కొరతే లేదు!

ఇప్పుడు ఆ నీళ్ళ ధర చూడండి. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఎల్లంపల్లి 148 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది 500 మీటర్ల పైన. కృష్ణా నీళ్ళు పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లిలో పోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నూరు కిలోమీటర్ల పైన పైపులో మళ్ళీ మళ్ళీ ఎత్తుకుంటూ రావాలి. గోదావరిది ఇంకా దూరం. వెయ్యి లీటర్లని 400 మీటర్లు ఎత్తాలంటే ఉత్త లెక్క ప్రకారమే ఒక యూనిట్ పైన కరెంటు కావాలి, పంపుల నష్టం, పైపులో ఒరిపిడి కలుపుకుంటే ఒకటిన్నర దాటుతుంది. అంటే మీ గేటు ముందు రోడ్డు మీద పైపు పగిలి పారుతోందంటే పారేది నీళ్ళొక్కటే కాదు, రామగుండంలో కాల్చిన బొగ్గు కూడా.

అంత కష్టపడి తెచ్చాక సిటీలోకి వచ్చాక ఏమవుతోంది? కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం బిల్లు రాని నీళ్ళు, అంటే లీకులు, దొంగ కనెక్షన్లు, తిరగని మీటర్లు, ఇవన్నీ కలిపి 20 శాతం దాటకూడదు. మన దేశంలో పెద్ద ఊళ్ళు చాలావరకు దానికి దరిదాపుల్లో కూడా లేవు, మన ఊరు కూడా అందులోనే. పెద్ద పైపు పగిలితే ఫౌంటెన్‌లా ఎగురుతుంది, టీవీలో వస్తుంది, రెండు గంటల్లో జేసీబీ దిగుతుంది, కాబట్టి దాని నష్టం నిజానికి తక్కువే. అసలు నష్టం మెయిన్ పైపు మీద ఇంటి కనెక్షన్ తీసే చోట ఫెర్రూల్ దగ్గర, చిటికెన వేలంత సన్నగా, నెలల తరబడి, రోడ్డు పైకి రాకుండా నేరుగా మోరీలోకి పోయే లీకు. అది ఎవరికీ కనపడదు. ఏరియా మొదట్లో ఒక మీటర్ పెట్టి, రాత్రి రెండింటికి అందరూ పడుకున్నప్పుడు ఎంత నీళ్ళు లోపలికి పోతున్నాయో చూస్తేనే దొరుకుతుంది. ఆ టైములో ఎవరూ వాడరు కాబట్టి పోయేదంతా దాదాపు లీకే.

దీనికి తోడు మన సరఫరా పద్ధతి. రోజు విడిచి రోజు ఒక గంటో రెండు గంటలో నీళ్ళు వదులుతారు. ఆ గంటలో ఎంత దొరికితే అంత పట్టుకోవాలని అందరూ నల్లాకి నేరుగా మోటారు పెడతారు, వీధి మొదట్లో ఉన్నవాడు లాగేస్తే చివర్లో ఉన్నవాడికి గాలి వస్తుంది. 2025 ఏప్రిల్‌లో వాటర్ బోర్డు వాళ్ళు మోటార్ల మీద డ్రైవ్ పెట్టి 5,000 ఫైన్ అన్నారు, మంచిదే. కానీ మోటారు పెట్టేవాడు పెట్టేది రేపు వస్తాయో రావో అనే భయంతో, ఆ భయం పోనంతవరకు మోటారు మెట్ల కింద దాక్కుంటుంది అంతే. ఇంకోటి, నీళ్ళు ఆపిన టైములో పైపులో ఒత్తిడి ఉండదు, లోపలి నీళ్ళు బయటికి కారే చిల్లుల్లోంచే మోరీ నీళ్ళు లోపలికి వస్తాయి. మొదటి పది నిమిషాలు నల్లాలో రంగు నీళ్ళు, వాసన రావడానికి చాలాసార్లు కారణం అదే, కాబట్టి ఆ మొదటి నీళ్ళు సంపులోకి పోనివ్వకండి.

రోజూ 24 గంటలు నీళ్ళిస్తే జనం ఇంకా ఎక్కువ వాడేస్తారు కదా అంటారు మీ కమిటీ పెద్దాయన లాంటివాళ్ళు. పూరీలో 2021 నుంచి 24 గంటలూ నల్లా నుంచి నేరుగా తాగే నీళ్ళు ఇస్తున్నారు, ఒడిశాలో ఉన్న ఊరే, మనకంటే ధనిక ఊరేం కాదు. కాంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993లో నూటికి 72 పాళ్ళ నీళ్ళు లెక్కలో లేకుండా పోయేవి, ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు పగ్గాలు తీసుకుని ఒక్కో కనెక్షన్‌కీ మీటర్ పెట్టించి, పెద్దవాళ్ళ ఇళ్ళకి కూడా బిల్లు పంపించి, దాన్ని ఆరు శాతం దగ్గరికి తెచ్చాడు. యుద్ధంలో చితికిపోయిన దేశం అది! కాబట్టి డబ్బుల్లేవు అనే మాట నాకు ఎక్కదు. కొత్త డ్యాముకి శంకుస్థాపన చేస్తే ఫొటో వస్తుంది, రాత్రి రెండింటికి రోడ్డు మీద కర్ర చెవికి ఆనించి లీకు చప్పుడు వినే లైన్‌మన్‌కి ఫొటో ఎవరు తీస్తారు?

ఇలా అన్నానని కొత్త నీళ్ళు అక్కర్లేదని కాదు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చే గోదావరి రెండో దశకి 2025 సెప్టెంబరులో 7,360 కోట్లతో శంకుస్థాపన అయింది, అందులో రెండున్నర టీఎంసీలు జంట జలాశయాలకి, మూసీకి. సాగర్‌లో మట్టం బాగా తగ్గినా నీళ్ళు తోడుకునేలా సుంకిశాల పని నడుస్తోంది, 2024 ఆగస్టులో అక్కడ గోడ కూలడం మీరూ చూసే ఉంటారు. ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఊరు పాకింది కాబట్టి ఇవి కావాల్సిందే. కానీ మీ వీధిలో చిల్లులు అలాగే ఉంటే ఆ ఇరవై టీఎంసీల్లో ఎన్ని మీ సంపు దాకా వస్తాయో ఆలోచించండి.

మీ సైడు ప్రత్యేకంగా ఇంకో దరిద్రం ఉంది. కోకాపేట, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ అంతా గట్టి గ్రానైట్ రాయి. పైన కొన్ని మీటర్లు మాత్రమే మెత్తబడిన రాయి ఉంటుంది, మన తాతల బావుల్లో నీళ్ళు ఆ పొరవే, ఏటా వానకి నిండేది అదే. దాని కింద బండ, బండలో అక్కడక్కడా పగుళ్ళు. 1500 అడుగుల బోరు వేస్తే మీరు ఆ పగుళ్ళలో తరాలుగా చేరిన నీళ్ళు తోడుతున్నట్టు, అవి అయిపోతే మళ్ళీ నిండటానికి చాలా ఏళ్ళు పడుతుంది. బోరు బండి వాడు మొదటి రోజు రెండించులు పోసి చూపిస్తాడు, మీరంతా కొబ్బరికాయ కొడతారు, ఫిబ్రవరికి గ్యాప్ ఇచ్చి గ్యాప్ ఇచ్చి పోస్తుంది, రెండేళ్ళకి ఎండుతుంది. పైగా లోతు రాతి నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం ఉంటుంది, నల్గొండ వాళ్ళనడగండి దాని సంగతి. నీళ్ళు, నేల, చెట్లని కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరుకి పర్మిషన్ కావాలి, ఎంతమంది తీసుకుంటున్నారో మీకే తెలుసు.

ఇంకా విడ్డూరం ఏంటంటే ఒక పక్క మీ బోర్లు ఎండుతుంటే ఇంకో పక్క నాలుగైదు సెల్లార్లు తవ్విన టవర్లలో ఊట ఆగక పగలూ రాత్రీ మోటారు పెట్టి ఆ నీళ్ళని నాలాలోకి తోడేస్తుంటారు. అదే నేల, అదే ఊట. వాళ్ళు సెల్లార్ ఎండబెట్టుకోవడానికి పారబోసిన నీళ్ళే మీ బోరుకి రావాల్సినవి. మీ పక్కన అలాంటి బిల్డింగు ఉంటే వెళ్ళి మాట్లాడండి, ఆ నీళ్ళు టెస్టు చేయించి తోటకి, ఫ్లష్‌కి వాడుకునేలా ఏర్పాటు చేసుకుంటే రెండు వైపులా లాభం. మీ సెల్లార్లోనే ఊట ఉంటే అసలు అడగక్కర్లేదు, మీ వాచ్‌మన్ రోజూ ఎంతసేపు ఆ పంపు నడుపుతున్నాడో కనుక్కోండి.

ఇంకుడు గుంతల గురించి మీరు ఆశపడుతున్నారు కాబట్టి నిజం చెప్తాను. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. మీ టెర్రస్ 1500 చదరపు మీటర్లు అనుకుంటే, ఆవిరి, చిందడం తీసేసి 80 శాతం పట్టినా ఏడాది మొత్తానికి 9,60,000 లీటర్లు. మీ రోజు వాడకం 65 వేలు. అంటే ఏడాది వాన మీకు పదిహేను రోజులు వస్తుంది, అంతే. వాన నీళ్ళతో మా గేటెడ్ కమ్యూనిటీ స్వయం సమృద్ధి అయిపోయింది అని వీడియోలు చూస్తుంటాను, నలుగురుండే ఇండిపెండెంట్ ఇంటికి అది కుదురుతుంది, ఐదంతస్తులు పైన టవర్లకి కుదరదు, టెర్రస్ ఒక్కటే, కింద కుటుంబాలు నూటఇరవై.

అయినా వదలొద్దు. గట్టి వాన 25 మిల్లీమీటర్లు ఒక్కసారి పడిందనుకోండి, మీ టెర్రస్ నుంచి 30 వేల లీటర్లు, అంటే ఆరు ట్యాంకర్లు గంటలో దిగినట్టు. దాన్ని ఇంకుడు గుంతలోకి పంపే బదులు మంచి ఫిల్టర్ పెట్టి నేరుగా సంపులోకి తీసుకోండి, మొదటి వాన మురికి బయటికి పోయేలా వాల్వ్ పెట్టుకుని. సంపు నిండాక మిగిలింది గుంతలోకి. చాలామంది ఉల్టా చేస్తారు, టెర్రస్ మంచి నీళ్ళని భూమిలోకి పంపించి, అదే వారం ట్యాంకర్ తెప్పించుకుంటారు.

గుంత విషయంలో ఒక్కటే చెప్తాను, తవ్వడం పెద్ద పని కాదు, కడగడం పెద్ద పని. కింద 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక, ఇదంతా మొదటి ఏడాది బాగానే లాగుతుంది. రెండో ఏడాదికి ఆకులు, సిమెంటు పొడి, పార్కింగ్ మట్టి వచ్చి పైన ఒక అంగుళం జిగట పొర పడుతుంది, ఇక నీళ్ళు నిలబడి దోమలు తప్ప ఏమీ ఉండదు. మే నెలలో పైన ఇసుక ఒక అడుగు తీసి ఎండబెట్టి జల్లెడ పట్టి మళ్ళీ వేయాలి. ఇది ఎవరి పని అని కమిటీలో ఒకరి పేరు రాసి పెట్టకపోతే జరగదు. ఎండిన బోర్లలోకి వాన నీళ్ళు పంపొచ్చా అంటే టెర్రస్ నీళ్ళు ఫిల్టర్ చేసి పంపొచ్చు. పార్కింగ్ నీళ్ళు, డ్రైవ్‌వే నీళ్ళు మాత్రం చచ్చినా బోరులోకి వదలొద్దు, బండ్ల ఆయిల్ ఒకసారి ఆ పగుళ్ళలోకి పోతే మీ ఒక్కరివే కాదు చుట్టుపక్కల అందరి బోర్లూ పాడవుతాయి.

చెన్నై చూడండి. 2003లోనే తమిళనాడు అంతా ప్రతి ఇంటికీ వాన నీటి గుంత తప్పనిసరి చేశారు, భూగర్భ జలం నిజంగానే పెరిగింది కొన్నేళ్ళు. మన కృష్ణా నీళ్ళు కూడా తెలుగుగంగ కాలువలో కండలేరు మీదుగా 1996 నుంచి పూండికి వెళ్తున్నాయి. అయినా 2019 వేసవిలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ ఒక్కసారే ఎండి జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు తేవాల్సొచ్చింది. బెంగళూరులో 2024 మార్చిలో తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 ఫైన్ అన్నారు, ట్యాప్‌లకి ఏరేటర్లు, అంటే ధారలో గాలి కలిపి నీళ్ళు తగ్గించే మూతి బిళ్ళలు తప్పనిసరి అన్నారు. ఆ అక్టోబరులో కావేరి ఐదో దశ వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఏరేటర్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తినట్టు లేదు. చెన్నై నుంచి నేను నేర్చుకోమనేది గుంతలు కాదు, వాళ్ళు కోయంబేడు, కొడుంగైయూరుల్లో మురుగు నీళ్ళని ఒక్కో చోట రోజుకి నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి ఫ్యాక్టరీలకి అమ్ముతున్నారు చూడండి, అది. ఆ మేరకు మంచి నీళ్ళు ఇళ్ళకి మిగులుతాయి. మన దగ్గర అంబర్‌పేట, నాగోలు ప్లాంట్లు, 2021లో మంజూరైన 31 కొత్తవి, వీటిలో శుద్ధైన నీళ్ళు ఎక్కువగా మూసీలోకే వదిలేస్తున్నాం. మీ పక్కన కట్టే టవర్ కాంక్రీటు క్యూరింగ్‌కి మాత్రం బోరు నీళ్ళు.

సరే, మీ చేతిలో ఉన్న పనికి వద్దాం. ఈ శనివారం రాత్రే చేయండి. టార్చిలైటు, ఒక పెయింట్ మార్కర్ తీసుకుని సంపు మూత తెరవండి. రాత్రి 11కి పైకి ఎక్కించే మోటారు, నల్లా వాల్వ్, బోరు వాల్వ్ మూడూ కట్టేసి, నీళ్ళు ఎక్కడున్నాయో అక్కడ గోడ మీద గీత గీయండి, పొద్దున ఐదుకి ఇంకో గీత. సంపు పొడవు వెడల్పు కొలుచుకోండి, ఉదాహరణకి 6 మీటర్లు బై 4 అయితే ఒక సెంటీమీటరు తగ్గిందంటే 240 లీటర్లు పోయినట్టు. ఐదు సెంటీమీటర్లు తగ్గితే ఆ ఆరు గంటల్లో 1,200 లీటర్లు, రోజుకి దాదాపు ఒక ట్యాంకరు మీ సంపు నేలలోంచే వెళ్ళిపోతోంది. మట్టం పెరిగిందనుకోండి, అది ఇంకా చెడ్డ వార్త, బయటి నీళ్ళు లోపలికి ఊరుతున్నాయి, పక్కన డ్రైనేజీ ఛాంబర్ ఉంటే వెంటనే నీళ్ళు టెస్టుకి పంపండి.

అదే రాత్రి ఒంటిగంటకి, నాలుగింటికి పైన ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో కూడా గీతలు. ఆ మూడు గంటల్లో ఎవరో ఇద్దరు ముగ్గురు బాత్రూంకి లేస్తారు, దానికి వంద రెండొందల లీటర్లు పోవచ్చు, ఒక బ్లాక్ ట్యాంకులో వేలల్లో తగ్గిందంటే ఆ బ్లాకులో లీకులున్నాయి. నూటికి ఎనభై సార్లు అది గోడలో పైపు కాదు, ఫ్లష్ ట్యాంక్. లోపల సిలికాన్ వాషర్ అరిగి కమోడ్‌లోకి సన్నటి తీగలా కారుతూనే ఉంటుంది, చప్పుడుండదు, తెల్లటి పింగాణీ మీద కనపడదు. ఫ్లష్ ట్యాంకులో బట్టలకి వాడే నీలం నాలుగు చుక్కలు వేసి అరగంట ఫ్లష్ కొట్టకుండా చూస్తే కమోడ్‌లోకి రంగు దిగుతుంది, దిగితే వాషర్ మార్చాలి, వందల్లో పని. 120 ఫ్లాట్లు, మూడేసి బాత్రూములు, 360 ఫ్లష్ ట్యాంకులు, ప్లంబర్‌ని నెలజీతం మీద మాట్లాడుకుని అన్నీ ఒక చుట్టు చూపించండి.

తర్వాత ప్రతి ఇన్‌లెట్‌కి మీటర్. నల్లాకి ఒకటి, ఒక్కో బోరుకి ఒకటి, ట్యాంకర్ పోసే పైపుకి ఒకటి. ట్యాంకర్ దగ్గర మీటర్ పెట్టగానే ఐదు వేల లీటర్ల బండి ఎంత పోస్తోందో మొదటిసారి తెలుస్తుంది, కొన్ని బండ్లు లోపల సగం ఖాళీగా వచ్చి గొట్టం పెట్టి పది నిమిషాలు శబ్దం చేసి పోతుంటాయి, నేనింతకంటే చెప్పను.

ఫ్లాటు ఫ్లాటుకీ మీటర్ అనేదే అసలైన మందు, అసలైన గొడవ కూడా అదే. మెయింటెనెన్స్‌లో అందరికీ సమానంగా ట్యాంకర్ ఖర్చు పంచితే, ఇద్దరు ముసలివాళ్ళుండే ఫ్లాటూ, ఆరుగురుండి రోజూ బాల్కనీ పైపుతో కడిగే ఫ్లాటూ ఒకే డబ్బు కడతారు, ఇక ఎవరు ఆపుకుంటారు? మీటర్ పెట్టి వాడినంతకు బిల్లు వేసిన చోట మొదటి రెండు బిల్లుల్లోనే వాడకం దిగడం నేను చూశాను, ఉపన్యాసాలతో దిగడం ఎక్కడా చూడలేదు. సాంకేతికంగా ఒక చిక్కుంది, పాత బిల్డింగుల్లో ఒక్కో ఫ్లాటుకి నీళ్ళు ఒకే పైపు నుంచి రావు, ఒక్కో బాత్రూం షాఫ్టు నుంచి ఒకటి, కిచెన్‌కి ఇంకోటి, అలా మూడు నాలుగు ఇన్‌లెట్లు. అన్నింటికీ మీటర్లు పెట్టాలి, ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది, అయినా మీ రెండు వేసవుల ట్యాంకర్ బిల్లుకంటే తక్కువే అవుతుందని నా అంచనా, కొటేషన్ తెప్పించి పోల్చుకోండి. జనరల్ బాడీలో ఓనర్లు ఒప్పుకోరు, అద్దెకిచ్చినవాళ్ళు అసలే ఒప్పుకోరు, మాకేంటి టెనెంట్ కడతాడుగా అంటారు. అందుకే ముందు ఇన్‌లెట్ మీటర్లు పెట్టి మూడు నెలల రీడింగు లిఫ్టు పక్కన బోర్డు మీద రాసి పెట్టమంటాను, లెక్క కళ్ళ ముందుంటే మీటింగులో అరుపులు తగ్గుతాయి.

చిన్నవి రెండు. కిచెన్ ట్యాప్ మామూలుగా నిమిషానికి పది పన్నెండు లీటర్లు పోస్తుంది, ఏరేటర్ పెడితే మూడు నాలుగుకి దిగుతుంది, గిన్నెలు అలాగే శుభ్రమవుతాయి. బకెట్ నింపే ట్యాప్‌కి మాత్రం పెట్టకండి, పని మనుషులు రెండో రోజే పీకి పారేస్తారు, వాళ్ళ తప్పు కాదు. ఆర్‌ఓ ఫిల్టర్ ఒక లీటరుకి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది, అది బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి, కుండీల్లో పోయకండి, ఉప్పు ఎక్కువ, మొక్కలు మాడతాయి. నల్లా నీళ్ళు మంచిగా వచ్చే రోజుల్లో ఆర్‌ఓ అక్కర్లేదు కూడా.

మీకు ఎస్‌టీపీ, అంటే మురుగు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఉందని ఒక్క లైన్లో రాసి వదిలేశారు. అసలు నిధి అక్కడే ఉంది. 65 వేల లీటర్లు వాడితే 50 వేలకి పైగా మురుగులోకి వస్తాయి, అది సరిగ్గా శుద్ధి చేస్తే ఫ్లష్‌లకీ తోటకీ మంచి నీళ్ళే అక్కర్లేదు. మీ బిల్డింగులో ఫ్లష్‌కి వేరే లైన్ ఉందో లేదో ప్లంబింగ్ డ్రాయింగ్ చూడండి, చాలా బిల్డింగుల్లో ఉంటుంది, వాసన వస్తోందని ఎవరో కంప్లయింట్ ఇస్తే దాన్ని మంచి నీళ్ళ లైనుకి కలిపేసి ఉంటారు. వాసనకి కారణం తొంభై పాళ్ళు బ్లోయర్లు, అంటే ట్యాంకులోకి గాలి ఊదే మోటార్లు. కరెంటు బిల్లు మిగుల్చుదామని రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కట్టేస్తారు, గాలి లేక ట్యాంకులో మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది, గోధుమ రంగులో ఉండాల్సిన నీళ్ళు నల్లగా తిరిగి కుళ్ళు కోడిగుడ్డు వాసన వేస్తాయి. రాత్రి పదకొండుకి చెప్పకుండా వెళ్ళి చూడండి, గాలి బుడగలు రాకపోతే విషయం అర్థమైపోతుంది. ఒక నెలపాటు బ్లోయర్ 24 గంటలూ నడిపించి, ఫిల్టర్లు బ్యాక్‌వాష్ చేయించి, క్లోరిన్ సరిగ్గా వేయించి, ఒక్క బ్లాకుకే ఫ్లష్ లైన్ వదిలి చూడండి. ఆ బ్లాకులో కమిటీ ప్రెసిడెంట్ గారి ఫ్లాటు ఉండేలా చూసుకుంటే పని ఇంకా జాగ్రత్తగా జరుగుతుంది.

డబ్బు పెట్టే వరస అడిగారు కాబట్టి, ముందు ఫ్లష్ వాషర్లు, సంపు పగుళ్ళు, ట్యాంక్ నిండగానే మోటారు ఆగే ఆటోమేటిక్ కంట్రోలరు, ఇవి ఈ నెలలోనే. ఇన్‌లెట్ మీటర్లు వచ్చే నెల. ఎస్‌టీపీ బాగుచేయడం, టెర్రస్ నుంచి సంపుకి పైపు జూన్ లోపల. ఫ్లాటు మీటర్లు మూడు నెలల రీడింగు చేతిలో పట్టుకుని దసరా తర్వాత జనరల్ బాడీలో. బోరు మాట ఇవన్నీ అయ్యాక కూడా ఎవరైనా ఎత్తితే, పాత మూడు బోర్లలో మట్టం ఎక్కడుందో తాడు కట్టి కొలిపించండి, వానల తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి. అక్టోబరులో కూడా పైకి రాకపోతే ఆ నేలలో ఇంకో చిల్లు పెట్టి లాభం లేదు.

సంపు కొలతలు, శనివారం రాత్రి గీతల తేడా, నల్లా మీటర్ రీడింగు ఇక్కడ పెట్టండి. ఎన్ని ట్యాంకర్లు తగ్గించొచ్చో లెక్కేసి చెప్తాను, వాచ్‌మన్ రాసిన ట్యాంకర్ల పుస్తకం ఫొటో కూడా ఉంటే ఇంకా మంచిది.